మాఫీ చేసింది నాకు రానిదాన్నే: డాక్టరు నుంచి నర్సు, ఆరేళ్ళ తర్వాత

నెలకొకరైనా అడుగుతారు: "ఎంబీబీఎస్ అయ్యాక అమెరికాలో నర్సింగ్ చేశారట కదా అక్కా, ఎలా ఉంది?" అడిగేది ఎక్కువగా భర్త ఉద్యోగం వల్ల దొరికే హెచ్ ఫోర్ వీసా మీద వచ్చిన మన అమ్మాయిలే. బయటి డాక్టర్లు ఇక్కడ డాక్టరీ చేయాలంటే రాయాల్సిన స్టెప్ పరీక్షలు, తెచ్చుకోవాల్సిన ఈసీఎఫ్‌ఎంజీ సర్టిఫికెట్ గురించి వాళ్ళకి నాకన్నా బాగా తెలుసు, ఆ సోది వదిలేస్తాను. నేను చెప్పాలనుకున్నది ఒక్కదాని గురించే. విదేశీ డాక్టర్ల కోసం పెట్టిన నర్సింగ్ కోర్సుల బ్రోచర్లలో పెద్ద అక్షరాలతో ఒక మాట ఉంటుంది: మీ వైద్యవిద్యను లెక్కలోకి తీసుకుంటాం, కోర్సు తొందరగా అయిపోతుంది. నేను చేరింది ఆ మాట చూసే. ఇప్పటికీ కోపం ఉన్నదీ ఆ మాట మీదే.

నా సంగతి రెండు ముక్కల్లో. గుంటూరులో 2012లో హౌస్ సర్జన్సీ అయింది. 2013లో పెళ్ళి, ఫ్లోరిడా, తర్వాత పాప. స్టెప్పులన్నీ గట్టెక్కేసరికి డిగ్రీ చేతికొచ్చి ఐదేళ్ళు కావస్తోంది. ఇక్కడ డాక్టరు లైసెన్సు కావాలంటే ఆసుపత్రిలో చేయాల్సిన శిక్షణ పేరు రెసిడెన్సీ, చాలా రెసిడెన్సీ ప్రోగ్రాములవాళ్ళు ముందు చూసేది పాసైన సంవత్సరమే. 2017 మార్చిలో ఒకసారి, 2018 మార్చిలో ఒకసారి రెసిడెన్సీ సీటు వచ్చిందో లేదో చెప్పే మ్యాచ్ వారం సోమవారం పొద్దున మెయిల్ తెరిచాను, మూసేశాను. బయటి దేశాల్లో చదువుకున్న, ఇక్కడి పౌరులు కాని డాక్టర్లలో ఆ రోజుల్లో మ్యాచ్ అయ్యేవాళ్ళు సగానికి కాస్త పైన. నేను రెండుసార్లూ మిగతా సగంలోనే ఉన్నాను.

డాక్టరు చదువు ఉంది కదా, నేరుగా నర్సు పరీక్ష రాసేద్దామంటే కుదరదు. ఎన్‌క్లెక్స్ రాయాలంటే నర్సింగ్ స్కూల్లో చదివి ఉండాలి, ఎంబీబీఎస్ అక్కడ చెల్లదు. దీనికి దారి మయామీలో కనిపించింది. అక్కడి ఫ్లోరిడా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ 2002లోనే విదేశీ డాక్టర్లను నర్సులుగా తయారుచేసే కోర్సు మొదలుపెట్టింది. క్యూబా నుంచి, హైతీ నుంచి వచ్చి, లైసెన్సు లేక ఏదో ఒక పని చేసుకుంటున్న డాక్టర్లు ఆ ఊళ్ళో బోలెడుమంది. ఆ తర్వాత అలాంటి కోర్సులు మరికొన్నిచోట్ల వచ్చాయి. నేను చదివింది వేరేచోట. పేరు చెప్పను, కారణం చదివితే మీకే తెలుస్తుంది.

2018 ఆగస్టులో చేరి 2019 డిసెంబరులో బయటపడ్డాను. పదహారు నెలలు. అనాటమీ మాఫీ, ఫిజియాలజీ మాఫీ, మైక్రోబయాలజీ మాఫీ. మొదటివారం నేను ఎగిరి గంతేయడం ఒక్కటే తక్కువ. అమ్మకి ఫోన్ చేసి, "చూశావా, మన చదువుకి విలువ ఇస్తున్నారు" అన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎవరైనా అడిగితే హాస్పిటల్లో చేస్తోందని చెప్తాలేమ్మా" అంది. ఇప్పటికీ తెనాలిలో మా చుట్టాలకి తెలిసింది అంతవరకే.

మాఫీలతో పాటు ఇంకొకటి జరిగింది, అది బ్రోచర్‌లో లేదు. మామూలు నర్సింగ్ పిల్లలు ఒక సెమిస్టరంతా కూర్చుని చేసే ఫండమెంటల్స్‌ని మాకు నాలుగు వారాల్లో చుట్టేశారు. మంచం మీదున్న మనిషిని పక్కకి తిప్పడం, పడకపుండ్లు రాకుండా రెండుగంటలకోసారి చూడటం, స్పాంజి స్నానం, మందు ఇచ్చేముందు చేతికున్న పట్టీ చదవడం, డ్రిప్ ఎక్కే చోటు తడిమి చూడటం. డాక్టర్లే కదా, ఇవేం లెక్క అనుకున్నారు. మేమూ అదే అనుకున్నాం, అబద్ధం ఎందుకు.

హౌస్ సర్జన్‌గా నేను ఎన్ని కాన్యులాలు పెట్టానో లెక్కలేదు. ఒక్క చేత్తో ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబు వేసేదాన్ని. కానీ కాన్యులా పెట్టి వచ్చేశాక దాని సంగతి ఎవరు చూసేవారు? మన పెద్దాసుపత్రిలో వార్డుకి ఒక సిస్టరో ఇద్దరు సిస్టర్లో. వాళ్ళకి ఇంజెక్షన్లకీ కేస్ షీట్లకే పొద్దు చాలదు. చేయి వాచిందని మొదట చూసేది మంచం పక్కన కింద చాప వేసుక్కూర్చున్న పేషెంటు కూతురు. పరుగెత్తుకొచ్చి, "అమ్మా, మా నాయనకి చెయ్యి బూరెలాగ పొంగింది" అని చెప్పేది. బెడ్ పాన్ ఆమే, తిప్పేది ఆమే, తినిపించేదీ ఆమే. మన దగ్గర నర్సింగ్‌లో సగం అటెండెంటే చేస్తుందని నాకు ఇక్కడికొచ్చాక గానీ తట్టలేదు. అంటే నాకు రానిది సరిగ్గా అదే. మాఫీ చేసింది కూడా సరిగ్గా దాన్నే.

ఇక అసలు సంగతి. చేరిన నాలుగో నెల, క్లినికల్స్. టెలిమెట్రీ వార్డు, గుండె జబ్బు పేషెంట్లు. నాకిచ్చింది డెబ్బై దాటిన పెద్దావిడని, స్పానిష్ తప్ప మరోటి రాదు. గుండె నీరసించి కాళ్ళకి నీరు పట్టి వచ్చింది. నీరు లాగడానికి లేసిక్స్ బాగా పడింది, దాంతో పొటాషియం 2.8కి దిగింది. పొటాషియం బ్యాగు తగిలించారు, పంపు మీద గంటకి పది మిల్లీఈక్వివలెంట్ల లెక్కన ఎక్కుతోంది. నేను లోపలికెళ్ళి మొదట చూసింది మానిటర్ని. టీ వేవ్ చదునైంది, వెనకాల చిన్నగా యు వేవ్. పొటాషియం తగ్గితే ఈసీజీ గీత ఇలాగే మారుతుంది. ఎన్నేళ్ళయిందో అలాంటి ఈసీజీ చూసి! పాత స్నేహితురాలు కనబడ్డట్టనిపించింది. మెగ్నీషియం చూశారా లేదా అని చార్టు వెతికాను. చూడలేదు. మెగ్నీషియం తక్కువుంటే పొటాషియం ఎంత ఎక్కించినా నిలవదు, ఆ ముక్క రెసిడెంటుకి చెప్పాలని మనసులో వాక్యం కూడా కూర్చుకున్నాను.

ఆవిడ ఏదో అంటోంది. "ఆర్దే, ఆర్దే." నాకొచ్చిన స్పానిష్ నాలుగు ముక్కలు. నొప్పి అంటే ఏమంటారో తెలుసు, అది కాదు. "బ్వేనస్ తార్దేస్"లోని తార్దే కాబోలు, పలకరిస్తోందనుకున్నాను. పొద్దున తొమ్మిదింటికి మధ్యాహ్నపు పలకరింపేమిటని కూడా ఆలోచించలేదు. నవ్వి, దుప్పటి సర్ది, భుజం తట్టి, మళ్ళీ మానిటర్ వైపు తిరిగాను. దుప్పటి నేనే సర్దాను, అది గుర్తుపెట్టుకోండి.

మా బ్యాచిలో ఒకాయన హవానాలో పదిహేనేళ్ళు సర్జన్. వరండాలో పోతూ పోతూ ఆ మాట విని లోపలికొచ్చాడు. నాతో ఏమీ అనలేదు. దుప్పటి తీశాడు. ముంజేయి మోచేతిదాకా ఉబ్బి, పాలిపోయి, ముట్టుకుంటే చల్లగా ఉంది. ముందు పంపు ఆపాడు, తర్వాత నర్సుని పిలిచాడు. "ఆర్దే" అంటే మండుతోందట. సూది నరం దాటి, పొటాషియం కండలోకి పోతోంది. పంపు దాని మానాన అది తోస్తూనే ఉంది. మందు నరంలోకి పోతోందా, కండలోకి పోతోందా అన్నది దానికి పట్టదు. గొట్టం మడతపడితే కూస్తుంది గానీ, దీనికి కూయదు.

ఆవిడకి పెద్ద ప్రమాదం కాలేదు. తొందరగా ఆపారు, చేయి ఎత్తి పెట్టారు, రెండోవైపు వేరే లైను పెట్టారు. తర్వాత ఇన్‌స్ట్రక్టర్ నన్ను పక్కకి పిలిచింది. నేను మెగ్నీషియం సంగతి మొదలుపెట్టాను, నిజంగానే మొదలుపెట్టాను. ఆవిడ చివరిదాకా విని, "చేయి ఎప్పుడు చూశావు?" అంది. చూడలేదు. ఆ రోజు నాకు అన్‌శాటిస్‌ఫాక్టరీ పడింది. మధ్యాహ్నం తీసిన రక్తంలో మెగ్నీషియం నిజంగానే తక్కువొచ్చింది. ఆ సంగతి నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను, ఉపయోగమైతే లేదు.

అప్పట్నుంచి చివరి సెమిస్టర్ దాకా మేం కొందరం స్కిల్స్ ల్యాబు తాళం అడిగి తీసుకుని, శనివారాలు బొమ్మ మీద అన్నీ మొదటినుంచి చేసుకున్నాం. క్యూబా ఆయన, ఒక ఫిలిప్పీన్స్ పిల్లల డాక్టరమ్మ, నేను. ఆవిడ నవ్వుతూ చెప్పేది, వాళ్ళ దేశంలో 2004 డాక్టర్ల లైసెన్సు పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చినాయనే నర్సుగా న్యూయార్క్ వెళ్ళిపోతే దేశమంతా గోల పెట్టిందట, మనమెంత అని. ఆ శనివారాలకి ఫీజు లేదు, క్రెడిట్ లేదు. నాకు నర్సింగ్ వచ్చింది అక్కడే.

ఎన్‌క్లెక్స్ పరీక్షలో కూడా కొట్టింది ఇదే జబ్బు. ఆయాసపడుతున్న మనిషి, నాలుగు ఆప్షన్లు, ముందు ఏం చేస్తావు? నా చేయి ఠక్కున ఎక్స్‌రే మీదకో మందు మీదకో పోయేది. సమాధానం మంచం తలవైపు ఎత్తడం. డాక్టరుకి ఫోన్ చేయడం కూడా చాలాసార్లు తప్పే, ముందు నువ్వు చూసి ఉండాలి కదా. మోడల్ టెస్టుల్లో మా డాక్టర్ల మార్కులు చూసి మాకే సిగ్గేసేది. 2020 ఫిబ్రవరిలో రాశాను. అప్పట్లో అది 75 ప్రశ్నలకి ఆగవచ్చు, 265 దాకా సాగనూవచ్చు. నాది 75 దగ్గర ఆగింది. పార్కింగులో కారులో కూర్చుని ఏడ్చాను, పాసో ఫెయిలో తెలియకుండానే. 2023 ఏప్రిల్ నుంచి పరీక్ష మారింది, ఒక్కో కేసు మీద ఆరేసి ప్రశ్నలు వస్తున్నాయి. డాక్టర్లకి అది కొంచెం నయం అంటున్నారు.

మార్చిలో ఉద్యోగం, అదే నెలలో కోవిడ్. దాని గురించి ఇక్కడ రాయను.

మొదటి ఏడాది నేను కనిపించినవాళ్ళకల్లా ఈ దారి పట్టమని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. నాకు కుదిరిందంటే నాకు హెచ్ ఫోర్ మీద పనిచేసుకునే అనుమతి (ఈఏడీ) ఉంది, ఆయన జీతం ఉంది, పాపని చూడటానికి అత్తయ్యగారు ఆర్నెల్లకోసారి వచ్చేవారు. ఎఫ్ వన్ స్టూడెంట్ వీసా మీద ఈ కోర్సుకి రావాలనుకునేవాళ్ళు వీసా సంగతి ముందు లాయరుతో కూర్చుని తేల్చుకోండి. మామూలు ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) ఉద్యోగానికి హెచ్ ఒన్ బి వర్క్ వీసా దొరకడం కష్టం. నర్సులకి గ్రీన్‌కార్డులో లేబర్ సర్టిఫికేషన్ (ఆ పనికి ఇక్కడివాళ్ళు దొరకలేదని చూపించడం) మినహాయింపు ఉంది నిజమే, కానీ ఇండియాలో పుట్టినవాళ్ళ క్యూ ఏళ్ళ తరబడి ఉంటుంది. ఇండియాలో పీజీ చేసి, ఇప్పటికీ ప్రాక్టీసులో ఉన్నవాళ్ళయితే నర్సింగ్ ఊసెత్తేముందు ఇక్కడి రెసిడెన్సీ లేకుండానే విదేశీ డాక్టర్ల లైసెన్సుకి వీలిస్తూ ఫ్లోరిడా 2024లో తెచ్చిన చట్టం చదవండి. టెనెసీ లాంటి మరికొన్ని రాష్ట్రాలూ తలుపు కొద్దిగా తీశాయి. నాకు పీజీ లేదు కాబట్టి నాకు పనికిరాలేదు. పేపర్లో చదివిన రోజు మాత్రం అన్నం సహించలేదు.

చేరదలిస్తే ఒక్కటి అడగండి: ఫండమెంటల్స్ ఎన్ని వారాలు? ఎంత మాఫీ చేస్తారని కాదు. తక్కువ వారాలంటే సంతోషపడకండి. వేరే స్కూళ్ళలో పూర్తిగా చెప్పేవాళ్ళు ఉండొచ్చు, నాకు తెలిసింది నేను చదివినచోటే.

నర్స్ ప్రాక్టీషనర్ (పైచదువు చదివి మందులు రాసే నర్సు) చేయమని మా మేనేజరు పోరుతోంది. ఫ్లోరిడాలో ప్రైమరీ కేర్ చేసే నర్స్ ప్రాక్టీషనర్లకి 3,000 గంటలు అనుభవం వస్తే డాక్టరు పర్యవేక్షణ లేకుండా చేసుకునే వీలు 2020లో వచ్చింది. మళ్ళీ ప్రిస్క్రిప్షన్ మీద నా సంతకం. ఫారం నింపి పెట్టాను, పంపలేదు. ఎంబీబీఎస్ ట్రాన్స్‌క్రిప్టులు మళ్ళీ విజయవాడ నుంచి తెప్పించాలట. ఈ మధ్యలో మా హెల్త్ యూనివర్సిటీ పేరు 2022లో ఒకసారి, 2024లో ఒకసారి మారింది. తిరిగి తిరిగి నా డిగ్రీ మీదున్న పేరుకే వచ్చి ఆగింది. పంపేలోపు మళ్ళీ మారకపోతే చాలు.