పాత డెస్క్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ: నాలుగేళ్లు వాడాక

మా ఇంటి డెస్క్‌టాప్ 2012లో కొన్నది. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో సీటీసీకి, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి, నాలుగు షాపుల్లో కొటేషన్లు రాయించుకుని అసెంబుల్ చేయించాం. ఇంటెల్ రెండో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. ఆటోలో ఒళ్లో పెట్టుకుని మల్కాజిగిరి తెచ్చాం. 2021 చివర్లో ఆ హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లోనే డేటా దాచే డ్రైవ్, వేశాను. నాలుగేళ్లు దాటింది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాయగలను.

కొత్త ల్యాప్‌టాప్ కొనొచ్చుగా అని చాలామంది అడిగారు. కొనొచ్చు. కానీ నాన్న రిటైరైన తెలుగు మాస్టారు. ఆయన పద్యాలు, వ్యాసాలు అన్నీ పేజ్‌మేకర్ అనే పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. అవి ఏ సిస్టంలోనైనా చదవగలిగే యూనికోడ్ కావు. ఆ ఫాంట్లు లేని సిస్టంలో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. "నా పెట్టె నాకు ఉండనీరా" అన్నారు. అక్కడితో ఆ చర్చ అయిపోయింది.

2020 జనవరిలో విండోస్ 7కి అప్‌డేట్లు ఆగిపోవడంతో 10 వేయించాం. కష్టాలు అప్పుడే మొదలు. నాన్న పొద్దున్నే స్విచ్ వేసి పాల ప్యాకెట్ కోసం వెళ్లేవారు. తిరిగొచ్చేసరికి డెస్క్‌టాప్ కనిపించేది, కానీ ఏది క్లిక్ చేసినా చక్రం తిరుగుతూనే ఉండేది. ఒకరోజు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. నిజంగా పనిచేసే స్థితికి రావడానికి 6 నిమిషాల 40 సెకన్లు.

దీనికి తోడు ఎర్రర్లు. కొన్ని రోజులు నల్లటి తెర మీద 'సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, ఎఫ్1 నొక్కండి' అని వచ్చేది. నొక్కితే ఒకోసారి లోపలికి వెళ్లేది, ఒకోసారి 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అని నీలం తెర వచ్చేది. కాలనీలో రిపేర్లు చేసే ఒకాయన రెండుసార్లు ఫార్మాట్ కొట్టాడు, సారికి ఐదొందలు. రెండు వారాలు బాగుండేది, మళ్లీ మామూలే. మూడోసారి "బోర్డు పోయింది సార్, కొత్తది తీస్కోండి" అన్నాడు. నిజానికి అక్కడ ఉన్నవి రెండు వేర్వేరు జబ్బులు. ఆయనా, నేనూ రెంటినీ ఒకటే అనుకుని ఏడాది దండగ చేశాం.

ఎర్రర్ల సంగతి ముందు చెప్తాను, అది పట్టుకోవడానికే ఎక్కువ తిప్పలు పడ్డాను. అవి వానాకాలంలోనే ఎక్కువ వచ్చేవి. చెమ్మ అనుకున్నాం. హెయిర్ డ్రయ్యర్ కూడా పెట్టాం, నవ్వకండి. అసలు కథ వేరే. ఉరుములు మొదలైతే అమ్మ రాత్రి గోడ ప్లగ్గు పీకేసేది. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపు, సిస్టం ఆఫ్‌లో ఉన్నా, ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటు అందించే పెట్టె) నుంచి బోర్డుకి కొంచెం కరెంటు అందుతూనే ఉంటుంది. తేదీ, బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే బోర్డు ప్రోగ్రాం) సెట్టింగులు గుర్తుండటానికి అది సరిపోతుంది. ప్లగ్గు తీసేస్తే మాత్రం ఆ భారమంతా బోర్డు మీదుండే రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ మీద పడుతుంది. మాది ఎప్పుడో చచ్చిపోయింది. అందుకే ఆ సీమాస్ ఎర్రర్. తేదీ 2011కి వెళ్లిపోయేది, ఆ తేదీ వల్లే బ్రౌజర్‌లో ప్రతి సైటూ 'కనెక్షన్ ప్రైవేటు కాదు' అనేది. ఆ రెండూ కలిసి కనిపిస్తే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

నీలం తెర కూడా ఆ బ్యాటరీ పుణ్యమే. సెట్టింగులు చెరిగిపోతే మా బోర్డు సాటా మోడ్‌ని, అంటే డిస్క్‌తో మాట్లాడే పద్ధతిని, పాతదైన ఐడీఈకి మార్చేసుకుంటుంది. విండోస్ వేసిందేమో కొత్త పద్ధతి ఏహెచ్‌సీఐలో. దాంతో డిస్క్ ఎదురుగా ఉన్నా విండోస్ దాన్ని అందుకోలేదు. బయోస్‌లోకి వెళ్లి మళ్లీ ఏహెచ్‌సీఐ పెడితే చాలు, ఫార్మాట్ అవసరమే లేదు. బ్యాటరీ నలభై రూపాయలు.

ఇక నెమ్మది సంగతి. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గరే కూర్చునేది, ప్రాసెసర్ మాత్రం ఖాళీ. స్టార్టప్ ట్యాబ్‌లో అనవసరమైనవి ఆపేస్తే ఒక నిమిషం తగ్గింది, అంతే. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో వేసి చూస్తే పసుపు రంగు హెచ్చరిక, పెండింగ్ సెక్టార్లు (చదవడానికి మొరాయిస్తున్న భాగాలు) అప్పటికే పదుల్లో ఉన్నాయి. ఇలాంటప్పుడు ముందు చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికే విండోస్ కమాండ్) కొట్టకండి. పోయే ప్రాణంతో ఉన్న డిస్క్‌ని గంటల తరబడి చదివించడం దాన్ని ఇంకా తొందరపెట్టడమే. ముందు ఫైళ్లు బయటికి తీసుకోండి. నేను నాన్న ఫోల్డర్లు, ఫాంట్లతో సహా, రెండు చోట్ల కాపీ చేశాకే మిగతా పని ముట్టుకున్నాను.

ఎస్‌ఎస్‌డీ కొనేటప్పుడు ఎం.2 రకం, అంటే బోర్డులోనే నేరుగా గుచ్చేది, అంటగట్టబోయారు. పాత బోర్డులో దానికి స్లాటే ఉండదు. హార్డ్ డిస్క్‌లాగే కేబుల్‌తో తగిలించే 2.5 అంగుళాల సాటా రకమే అడగాలి. 240 జీబీది తీసుకున్నాను. డబ్బా మీద సెకనుకి 550 ఎంబీ అని ఉంటుంది. హెచ్61 సాటా పోర్టులు సెకనుకి 3 గిగాబిట్‌వి కాబట్టి మా దగ్గర 270 ఎంబీ దాటలేదు. దానికి బాధపడక్కర్లేదు. స్టార్టప్‌లో విండోస్ చదివేది వేల కొద్దీ చిన్న ఫైళ్లు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్‌కి ఒక్క చుట్టే 8 మిల్లీసెకన్ల పైన పడుతుంది, పైగా చదివే తల అటూ ఇటూ జరగాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. ఇంకో 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ సెకండ్ హ్యాండ్‌లో వేశాను, ఉన్న ర్యామ్ కాంటాక్టులు రబ్బరుతో తుడిచాను. స్టాప్‌వాచ్ మళ్లీ పెడితే 31 సెకన్లు. నాన్న పాలకి వెళ్లే లోపే తెరుచుకుంది, ఆయనకి కొంచెం చిరాకేసింది కూడా.

నాలుగేళ్లలో ఒక్కసారే గుండె ఆగినంత పనైంది. 2023లో పొద్దున్నే 'సరైన బూట్ డివైస్ ఎంచుకోండి' అని వచ్చింది. ఎస్‌ఎస్‌డీ పోయిందనుకున్నాను. చూస్తే పాత సాటా కేబుల్ లూజు. క్లిప్పు ఉన్న కొత్త కేబుల్ వేశాక మళ్లీ రాలేదు. ఇప్పుడు డ్రైవ్ హెల్త్ 93 శాతం చూపిస్తోంది, స్టార్టప్ 35 సెకన్ల లోపే. ఒక్క భయం మాత్రం ఉంది. హార్డ్ డిస్క్ పోయే ముందు కటకటమని చెప్పేది, ఇది చెప్పకుండా పోగలదు. అందుకే ఆదివారం ఆదివారం పాత ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ తప్పదు.

ఎస్‌ఎస్‌డీ తీర్చలేనిదీ ఒకటుంది. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరమో ఆపైనో ఉండాలి, కాబట్టి మాది లెక్కలోకే రాదు. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు తీసుకున్నాను. ఆ తర్వాత నెట్ కేబుల్ పీకేసి, పద్యాలకి మాత్రమే ఉంచుదామని నాన్నతో ఒప్పందం. బ్యాంకు పనులు ఇప్పటికే ఫోన్‌లో. నెట్టే ముఖ్యమైతే ఇంత పాత సిస్టం మీద ఖర్చు పెట్టమని నేను చెప్పను.

మొన్న శీతాకాలంలో ఎఫ్1 మళ్లీ పలకరించింది. బ్యాటరీకి నాలుగేళ్లు నిండాయి. నాన్నే సీపీయూ పక్క మూత విప్పి, బీరువాలో దాచుకున్న కొత్త బ్యాటరీ వేసేసి మా ఆఫీసుకి ఫోన్ చేశారు. "మార్చానురా, అయినా నీలం తెర వస్తోంది." సీపీయూ మీద నేను అంటించిన కాగితం చదవమన్నాను. కాసేపాగి, "ఆ, ఏహెచ్‌సీఐ" అని పెట్టేశారు.