నోట్‌ప్యాడ్‌లో రాసుకున్న రొయ్యల రేట్ల పేజీ: అయిదేళ్ల వాడకం తర్వాత

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు, రొయ్యల మేత అంగడి. ఏ కౌంట్‌కి (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) ఎంత రేటు నడుస్తోందో రోజూ పొద్దున్నే ఒక వెబ్ పేజీలో పెడతాను. మొదట్లో డబ్బు కట్టి మరీ రెడీమేడ్ సైట్ సర్వీసొకటి తీసుకున్నా. బొమ్మలు కదిలేవి, మెనూ జారుకుంటూ వచ్చేది, గుంట గట్టు మీద సిగ్నల్ సరిగా లేని రైతుకి మాత్రం తెల్ల తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. "ఏందబ్బయా, నీ రేటు కనపడే లోపల మా రొయ్య అరవై కౌంట్ నుంచి యాభైకి వచ్చేస్తాది" అన్నాడొక పెద్దాయన.

2020లో అదంతా పీకేసి కంప్యూటర్లో ఉండే నోట్‌ప్యాడ్‌లో హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే కోడు) చేత్తోనే రాశా. ఒక హెడ్డింగ్, తేదీ, కింద టేబుల్, అంతే. అక్షరాల్ని కంప్యూటర్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో గుణింతం గుర్తుకి కూడా మూడు పడతాయి, అయినా పేజీ మొత్తం తొమ్మిది కేబీ దాటలేదు. పాత సైట్‌లో రొయ్య ఫొటో ఒక్కటే దీనికి వంద రెట్లుండేది.

తెలుగుతో మాత్రం దెబ్బలు తిన్నా. అక్షరాలు ఏ పద్ధతిలో ఉన్నాయో బ్రౌజర్‌కి చెప్పే మెటా చార్‌సెట్ లైను మర్చిపోయిన రోజు రేట్లకి బదులు తలమీద గీత పెట్టుకున్న ఇంగ్లీషు ఏ, పక్కన డిగ్రీ సున్నా, మళ్లీ ఏ, మళ్లీ సున్నా... పేజీ నిండా అదే. పేజీని తెర వెడల్పుకి సర్దమని చెప్పే వ్యూపోర్ట్ లైను లేకపోతే ఫోను దాన్ని కంప్యూటర్ పేజీ అనుకుని అక్షరాల్ని చీమల్లా చేసేస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ రోజులు తిప్పలు పెట్టింది వరసల మధ్య ఖాళీ. ఇంగ్లీషుకి సరిపోయేది మనకి చాలదు, "రాష్ట్రం"లో ష కింద వేలాడే రెండు వత్తులు కింది వరసలోని "కీ" గుడి దీర్ఘం మీద కూర్చునేవి. వరస ఎత్తుని చెప్పే లైన్-హైట్‌ని 1.7 చేశాక ఊపిరాడింది. లేత బూడిద రంగు అక్షరాలు కూడా తీసేశా, అవి ఏసీ గదిలో బాగుంటాయేమో గానీ మిట్టమధ్యాహ్నం ఎండలో కనపడవు.

ఈ అయిదేళ్లలో అప్‌డేట్ వచ్చి పేజీ పాడైంది లేదు. 1990ల మొదట్లో, వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ అనే యూరప్ పరిశోధన సంస్థలో పెట్టిన మొట్టమొదటి వెబ్ పేజీ కాపీయే ఈనాటి ఫోన్లో తెరుచుకుంటోంది, మనదెంత.

తలనొప్పులు లేవని కాదు. హెడ్డింగ్ ట్యాగ్ (హెడ్డింగ్ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో చెప్పే గుర్తు) మూయడం మర్చిపోతే బ్రౌజర్ తప్పని చెప్పదు, కిందున్నదంతా సినిమా పోస్టర్ సైజులో వచ్చేస్తుంది. ఇంకా పెద్ద చిరాకు, అన్ని పేజీల అడుగునా ఒకేలా ఉండాల్సిన ముక్క. మొన్న అంగడి ఫోన్ నంబర్ మారితే పదకొండు ఫైళ్లు తెరిచి ఒక్కోటీ మార్చా. మేత ధరల పేజీలో పాత నంబరే ఉండిపోయిందని నాలుగు రోజుల తర్వాత తెలిసింది, అదీ మా బావ చెబితే.