దూరం వరకు సరే, ఆ ‘ప్రయాణ సమయం’ నమ్మి టెన్షన్ పడకండి

చాలాకాలంగా వాడుతున్న యాప్ ఇది. రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే మధ్య దూరం, పట్టే సమయం చెబుతుంది, అందరికీ తెలిసిందే. నా కోపమంతా కింద కనిపించే ఆ సమయం మీదే.

2025 మేలో అమ్మ విశాఖలో ఎక్కి ఢిల్లీ మీదుగా లండన్‌లో ఉన్న చెల్లి దగ్గరకు బయల్దేరింది. టికెట్ కాగితం ఆవిడ చేతిసంచిలోనే వెళ్లిపోయింది, శ్రీకాకుళంలో మా చేతిలో మిగిలింది ఈ యాపే. ఢిల్లీ నుంచి లండన్‌కి దాదాపు 6,700 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటలు అంది. ఢిల్లీలో విమానం లేచిందని మెసేజ్ రాగానే నాన్న గోడ గడియారం చూసి లెక్క మొదలెట్టారు. ఎనిమిదిన్నర గంటలు గడిచాయి, తొమ్మిదిన్నర కూడా దాటాయి, అమ్మ ఫోన్ స్విచాఫ్, చెల్లికి కలవడం లేదు. “ఇంకా దిగనేదేట్రా?” అని నాన్న పావుగంటకోసారి లేచి వస్తుంటే నేనేం చెప్పను? చివరికి చెల్లే చేసింది: “అన్నయ్యా, బోర్డు మీద మొదట్నుంచీ ఇదే టైమ్ ఉంది, మీకెవరు చెప్పారు ముందే దిగుతుందని?”

కారణం చిన్నది కాదు. ఆ ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన విమానాలకు తన గగనతలం మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి పడమరకు వెళ్లేవి దక్షిణం వైపు మళ్లి అరేబియా సముద్రం మీదుగా చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది. యాప్‌కి అదేం పట్టదు. 6,700ని గంటకు 840 చొప్పున భాగించి అరగంట కలిపి చూడండి, వచ్చేది ఆ ఎనిమిదిన్నరే. ఊళ్లు అటూ ఇటూ మార్చి కొట్టినా అదే అంకె, అసలు ఎదురుగాలి వల్ల లండన్ వెళ్లేటప్పుడు పట్టినంత సమయం తిరిగి వచ్చేటప్పుడు పట్టదు కదా.

దూరం చూపించే గీత మాత్రం బాగుంటుంది, ఒప్పుకోవాలి. ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో కొడితే గీత ఉత్తర ధ్రువం వైపు వంగిపోయి దాదాపు 12,400 కిలోమీటర్లు చూపిస్తుంది, గుండ్రటి భూమి మీద దగ్గరి దారి అదే మరి. వీధిలో పిల్లలకి చూపించి మరీ మెచ్చుకున్నాను. ఆ దారిలోనే విమానం వెళుతుందనుకుంటే కష్టం: ఎయిర్ ఇండియా 2016లో అక్కడికి వెళ్లే విమానాన్ని పసిఫిక్ మీదుగా మార్చింది, దారి 15,000 కిలోమీటర్లు దాటినా వెనకగాలి తోసేయడంతో పాత అట్లాంటిక్ దారి కన్నా ముందే చేరింది.

విశాఖ–హైదరాబాద్, విశాఖ–ఢిల్లీ లాంటి వాటికి పది పదిహేను నిమిషాల తేడాతో సరిపోతుంది, అంతవరకే వాడేవాళ్లకి నా గొడవ అర్థం కాకపోవచ్చు. మా ఇంట్లో సగం మంది బయటి దేశాల్లో ఉన్నారు, దూరాలు చూసుకోవడానికి నా ఫోన్‌లో ఉంచుకున్నాను. నాన్న ఫోన్‌లోంచి తీసేసి టికెట్ ఫొటో పెట్టాను. మూడు స్టార్లు, అవీ ఆ గీతకే.