అమెరికా బడికి వెళ్లే పిల్లలకు ఇంగ్లీష్ క్లాసు, నక్కలగుట్ట: పాఠం బాగుంది, సలహా వినకండి

అన్నకు డాలస్‌లో ఉద్యోగం వచ్చింది, వదినా పిల్లవాడూ వెళ్లేలోపు వాడికి కాస్త ఇంగ్లీష్ అలవాటు కావాలని హనుమకొండ నక్కలగుట్టలో ఉన్న ఈ సెంటర్‌లో వేశాం. పరకాలలో ఐదో తరగతి దాకా చదివాడు, పేరుకు ఇంగ్లీష్ మీడియమే, జవాబులు బట్టీ పట్టి గడగడా అప్పజెప్తాడు గానీ సొంతంగా ఒక్క మాట రాదు.

సాయంత్రం బ్యాచ్ మేడమ్ చాలా బాగా చెప్తారు. గ్రామర్‌తో కాదు, సైన్సు పాఠంతో మొదలుపెడతారు. నేను వెనక కూర్చుని చూసిన రోజు స్టీలు గ్లాసులో ఐసు ముక్కలు వేసి, బయట పట్టిన చెమ్మ ఎక్కడిదో పక్కవాళ్లతో తెలుగులోనే మాట్లాడుకోమన్నారు. తర్వాత "ఐ థింక్... బికాజ్..." అని సగం రాసిన కాగితం ముక్కలు పంచి మిగతాది పిల్లలతోనే చెప్పించారు. మావాడు తప్పుగానే చెప్పాడు, ఆమె ఆపలేదు, అదే వాక్యాన్ని సరిగ్గా ఒకసారి అని ముందుకు పోయారు. కొత్తగా వచ్చిన పిల్లలకు అమెరికా బళ్లలో కూడా మంచి టీచర్లు ఇట్లాగే చెప్తారు, ఇంగ్లీష్ వచ్చేదాకా పాఠం ఆపరు.

కోపం వచ్చింది ఈ సెంటర్ ఆఫీసులో ఇచ్చిన సలహాకు. అమెరికా బడిలో అడ్మిషన్ అప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారం ఇస్తారు, ఇంగ్లీష్ అనే రాయండి, లేకపోతే ఈఎస్ఎల్‌లో, అంటే ఇంగ్లీష్ ఇంకా రాని పిల్లలకు ఇంగ్లీష్ నేర్పే క్లాసులో వేస్తారు, బాబు వెనకబడతాడు అని వదినను భయపెట్టారు. దయచేసి ఆ పని చేయకండి. తెలుగు అని రాస్తేనే పరీక్ష పెట్టి, అవసరముంటే సాయం ఇస్తారు, ప్రభుత్వ బడిలో దానికి రూపాయి కట్టక్కర్లేదు. ఇంగ్లీష్ అర్థం కాని పిల్లలకు అందరికిచ్చిన పుస్తకాలే ఇచ్చి కూర్చోబెడితే సమానంగా చూసినట్టు కాదని 1974లోనే, శాన్‌ఫ్రాన్సిస్కో చైనా పిల్లల తరఫున వేసిన లావ్ వర్సెస్ నికోల్స్ కేసులో, అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. కొన్ని చోట్ల పిల్లల్ని కాసేపు వేరే గదికి తీసుకెళ్లి చెప్తారు, కొన్ని చోట్ల ఈఎస్ఎల్ టీచరే క్లాసులోకి వచ్చి పక్కన కూర్చుంటారు. పాఠం తప్పిపోదు కాబట్టి నాకు రెండోదే నచ్చింది. డాలస్ ఉన్న టెక్సాస్‌లో ఇట్లాంటి పిల్లలకు టెల్పాస్ అని ఏటా పరీక్ష పెట్టి వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం నాలుగూ చూస్తారు, అందులో ఏం సిగ్గుంది?

ఇంట్లో తెలుగు బంద్ చేయమని కూడా అన్నారు, క్లాసులో మేడమ్ ఆ తెలుగుతోనే పిల్లల నోరు తెరిపిస్తుంటే.

ఫీజు మొత్తం ముందే కట్టాలి, మానేస్తే తిరిగి ఇవ్వరు. పొద్దుటి బ్యాచ్‌లో అంతా టెన్సుల షీట్లే, అడిగి సాయంత్రం బ్యాచ్‌లోనే వేయించుకోండి.