విశాఖలో ఇల్లు మార్చే సర్వీసులు: ప్యాకింగుకు మార్కులు, విప్పదీతకు కోత

ప్యాకర్స్ అండ్ మూవర్స్ అని మనం ఒకే బిల్లు కడతాం గానీ, అందులో ఉన్నవి మూడు పనులు: ప్యాకింగు, మోత, విప్పి మళ్లీ బిగించడం. మొదటి రెండింటికీ పెట్టిన డబ్బు దండగ కాదు. తకరారంతా మూడోదానితోనే.

అట్టపెట్టెలు, బబుల్ ర్యాప్ వాళ్లే తెస్తారు. పెట్టెలు అయిదు పొరలవా, మూడు పొరలవా అని ముందే అడగండి. మూడు పొరలది అడుగువరసలో పడితే నలిగిపోతుంది. పింగాణీ ప్లేట్లను పడుకోబెట్టకుండా నిలువుగా పేరుస్తున్నారంటే పని తెలిసినవాళ్లే. పుస్తకాలు చిన్న పెట్టెల్లో, పదిహేను కిలోలు దాటకుండా పెట్టించాలి. లేకపోతే అడుగు ఊడి మెట్లమీదే పరుచుకుంటాయి. ఆవకాయ జాడీ మాత్రం ఎంత మంచి టీముకైనా అప్పగించొద్దు. మూతికి పాలిథిన్ వేసి, గుడ్డతో వాసెన కట్టి, ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాల్సిందే.

ఇక విప్పదీత. లాసన్స్ బే, చినవాల్తేరు వైపు ఫ్లాట్లలో ఉప్పుగాలికి మంచం బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. హడావుడిలో స్పానర్ వేస్తే బోల్టు తల అరుగుతుంది, ఆ తర్వాత సుత్తే గతి. ముందురోజు రాత్రి తుప్పు వదిలించే స్ప్రే డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేస్తే చాలావరకు కదులుతాయి. పార్టికల్ బోర్డు (చెక్కపొట్టు అదిమి చేసిన పలక) బీరువా అయితే విప్పకుండా దాటించే దారి చూడండి. స్క్రూ తీసిన రంధ్రంలో బోర్డు పొడిపొడిగా రాలుతుంది, మళ్లీ ఆ పట్టు రాదు. లిఫ్టు తలుపు వెడల్పు కొలిచి పెట్టుకుంటే ఈ నిర్ణయం ముందే తేలిపోతుంది.

ఏసీ పని ప్యాకేజీలో కలపొద్దు, వేరే టెక్నీషియన్‌ని పిలవండి. ఏసీ నడుస్తుండగా అవుట్‌డోర్ యూనిట్ దగ్గర సన్నపైపు వాల్వు మూసి, గ్యాసంతా యూనిట్‌లోకి లాగాక లావుపైపు వాల్వు మూసి, వెంటనే ఆపేయాలి. ఇది చేయకుండా పైపు విప్పితే గ్యాసు గాల్లో కలుస్తుంది, కొత్త ఇంట్లో నింపించే ఖర్చు మీది. బిగించేటప్పుడు పైపుల్లోని గాలి, తేమ లాగేసే వాక్యూమ్ పంపు తెచ్చాడో లేదో చూడండి.

ఫ్రిజ్ ముందురోజే ఆపి, మంచు కరిగించి, వెనక కంప్రెసర్ పైనుండే ట్రేలో నీళ్లు పారబోయాలి. నిలబెట్టే తీసుకెళ్లాలి; పడుకోబెడితే కంప్రెసర్ ఆయిల్ పైపుల్లోకి పోతుంది. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్‌కి కొన్నప్పుడు వచ్చిన ట్రాన్సిట్ బోల్టులు (ప్రయాణంలో డ్రమ్ము ఊగకుండా పట్టి ఉంచేవి) తిరిగి బిగించాలి. అవి ఎక్కడున్నాయో చాలా ఇళ్లలో ఎవరికీ తెలియదు, అదే అసలు సమస్య.

ఫోన్లో చెప్పే రేటుకి విలువ లేదు. మనిషి వచ్చి అటక, బాల్కనీ కూడా చూసి రాసిచ్చిందే రేటు. జీఎస్టీ, లిఫ్టు లేని అంతస్తుల మోత, లారీ గుమ్మం దాకా రాకపోతే పడే అదనపు మోత ఆ కాగితంమీదే ఉండాలి. అరిలోవ, కంచరపాలెం కొండవాలు ఇళ్లకు ఐషర్ లారీ ఎక్కదు. చిన్నబండి టాటా ఏస్ ట్రిప్పులు ఎన్నో ముందే తేల్చుకోకపోతే కళాసీలతో రోడ్డుమీద పంచాయితీ తప్పదు. హైదరాబాద్ లాంటి దూరాలకైతే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే పత్రం) పేరుతో డబ్బు అడిగితే ఇవ్వొద్దు, వాడిన ఇంటి సామానుకు అది అక్కర్లేదు. ఇన్సూరెన్స్ అని కలిపితే బీమా కంపెనీ పాలసీ కాపీ అడగండి. అది చూపించకపోతే ఆ మాట ఉత్తిదే.

పెట్టెలకు నంబర్లు వేయించి, సామానుమీదున్న పాత గీతలతో సహా జాబితా రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. బోల్టుల సంచి ఏ పెట్టెలో పెట్టారో కూడా అందులో రాయించాలి. మంచం బిగించాకే మిగతా డబ్బు.

బేరం కుదిరేది ఆషాఢంలో. శ్రావణం ముహూర్తాలు మొదలైతే వాళ్లు చెప్పిందే రేటు. కాకపోతే ఆషాఢమంటే వాన. టార్పాలిన్ లేని బండి వస్తే పరుపులు ఎక్కించనివ్వకండి.