24 అంగుళాల వైడ్‌స్క్రీన్ డబ్బా టీవీ: పదకొండేళ్లు వాడాక

పెట్టె విప్పి ఆన్ చేయగానే మా ఆవిడ అన్న మొదటి మాట: "ఏమండీ, ఇది మనూళ్లో మామయ్యగారి టీవీ కన్నా చిన్నగా ఉందేంటి?" నాకు కోపమొచ్చింది. అది 21 అంగుళాలది, ఇది 24. టేపు తెచ్చి కొలిచి చూపిద్దామనుకున్నాను. కొలిచాక నోరు మూసుకున్నాను.

తూర్పు లండన్‌లోని ఈస్ట్‌హామ్‌లో ఒక పాత వరస ఇంటి కింది భాగం అద్దెకు తీసుకున్న ఏడాది అది, 2004. ముందుగది పేరుకే గది. సోఫాలో కూర్చుంటే ఎదుటి గోడ ఆరడుగుల దూరం. గోడ మధ్యలో పాతకాలపు చలిమంట గూడు, దాని పక్క సందులో తప్ప టీవీకి చోటు లేదు. పల్చటి ఎల్‌సీడీల ధరలు చూసి దూరం నుంచే దణ్ణం పెట్టాం. 32 అంగుళాల ట్యూబు ఆ సందులో దూరదు. 28 అంగుళాలది వెడల్పుకి సరిపోయినా వీపు బయటికొచ్చి తలుపుకి తగిలేలా ఉంది. మిగిలింది 24. ఏ కంపెనీదో చెప్పను. అప్పట్లో ఆ సైజులో దొరికేవన్నీ కాస్త అటూ ఇటూగా ఒకటే, నేను చెప్పబోయేది ఆ సైజు గురించే.

ఇప్పుడు ఆ కొలతలు. 24 అంగుళాలనేది గాజు ట్యూబు మొత్తం కొలత. కంటికి కనబడే తెర మూల నుంచి మూలకి 56 సెంటీమీటర్లే. వెడల్పు 49, ఎత్తు 27న్నర. ఊళ్లో నాన్న టీవీ పాత 4:3 ఆకారం: వెడల్పు 41, ఎత్తు 30న్నర. అంటే మాది వెడల్పులో గెలిచి ఎత్తులో మూడు సెంటీమీటర్లు ఓడింది. వార్తలు చదివే మనిషి తలకాయ ఎంత పెద్దగా కనబడుతుందో తేల్చేది ఎత్తే కాబట్టి మా ఆవిడ కన్ను తప్పేమీ చెప్పలేదు.

కానీ మనం కొన్నది వార్తల కోసమా? శుక్రవారం సాయంత్రం హైస్ట్రీట్‌లో కూరగాయలతో పాటు ఓ తెలుగు డీవీడీ తెచ్చుకుని రాత్రి చూడటం, అదీ మా ఇంటి టీవీ అసలు ఉద్యోగం. మన సినిమాలు దాదాపు అన్నీ స్కోపే, ఎత్తుకి రెండు రెట్ల పైచిలుకు వెడల్పు. ఆ బొమ్మ నాన్న టీవీలో 17 సెంటీమీటర్ల ఎత్తున పట్టీలా వస్తే మా దాంట్లో 21 దాకా వచ్చేది. వైశాల్యం లెక్కేస్తే స్కోపు సినిమా మా తెర మీద 40 శాతం పెద్దది. అదే పాత 4:3 బొమ్మ 20 శాతం చిన్నది. ఈ రెండు అంకెలూ ఎదురెదురుగా పెట్టుకుని, మీ ఇంట్లో ఏది ఎక్కువ చూస్తారో తేల్చుకుంటే చాలు. షాపులో చెప్పే మిగతా కబుర్లన్నీ (మాకు అరగంట పాటు అదనపు వారంటీ కబుర్లే చెప్పారు) ఆ తర్వాతే.

టీవీ కొన్నాక లైసెన్సు కట్టాలని తెలిసింది. ఆ ఏడు రంగుల టీవీకి 121 పౌండ్లు. రేడియోకి లైసెన్సు కట్టిన రోజుల గురించి తాతయ్య చెబుతుంటే నవ్వేవాణ్ణి. నవ్విన నాపచేనే పండింది.

డీవీడీల దగ్గర అసలు తంటా మొదలైంది. అప్పటి తెలుగు డీవీడీల్లో చాలావాటికి బొమ్మను 4:3 చట్రంలోనే, పైనా కిందా నల్ల పట్టీలతో అచ్చేసేవారు. దాన్ని వైడ్ తెర మీద యథాతథంగా వేస్తే పక్కల కూడా నలుపు చేరి, నాలుగు వైపులా చీకటి మధ్య పోస్టు బిళ్ల అంత సినిమా. రిమోట్‌లో జూమ్ నొక్కాలి. నొక్కితే బొమ్మ అంచు నుంచి అంచుకి నిండుతుంది గానీ కింది నల్ల పట్టీలో ఉండే ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌లో రెండో లైను తెగిపోతుంది. మాకు అవి అక్కర్లేదు. కానీ అక్కడే పుట్టి పెరుగుతున్న మా అమ్మాయికి కావాలి. "నాన్నా, వాట్ డిడ్ హీ సే" అని సినిమా పొడుగునా అనువాదం చెప్పించుకునేది. మూడు నెలలు పోయాక కనిపెట్టాను, అదే బటన్ మరో రెండు సార్లు నొక్కితే బొమ్మంతా కాస్త పైకి జరిగి సబ్‌టైటిల్స్‌కి చోటిచ్చే జూమ్ వేరే ఉందని. మాన్యువల్ ముందే చదవొచ్చుగా అంటారేమో. చదవలేదు.

ఇంకో లెక్క కూడా చెప్పాలి. అలా పట్టీలతో అచ్చేసిన ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) డిస్కులో బొమ్మను గీసే అడ్డగీతలు మొత్తం 480 ఉంటే సినిమా బొమ్మకు దక్కేవి 270 చిల్లరే. సరిగ్గా వైడ్‌స్క్రీన్ కోసమే చేసిన డిస్కులో 360 దాటతాయి. 270 గీతల బొమ్మను 32 అంగుళాల మీద వేస్తే మీసం వెంట్రుకలు మీసం ముద్దలవుతాయి. మా మిత్రుడొకాయన ఇంట్లో చూశాను. అదే డిస్కు మా 24 మీద పొందిగ్గా, పదునుగా కనబడేది. చిన్న ట్యూబు లోపాలు దాచిపెడుతుంది. ఆరడుగుల దూరంలో కూర్చునేవాడికి ఇంతకన్నా పెద్దది కొంటే ఆ లోపాలకే డబ్బు పెట్టినట్టు.

డీవీడీ ప్లేయర్ మెనూలో టీవీ ఆకారం 16:9, అంటే వైడ్‌స్క్రీన్, అని మార్చారో లేదో చూసుకోండి. పెట్టెలోంచి తీసినప్పుడు చాలావాటిలో 4:3 అనే ఉంటుంది. అలా వదిలేసి, టీవీలో జూమ్ చేసుకుంటూ, బొమ్మ మసకని తిట్టుకునే ఇళ్లు నేను నాలుగైదు చూశాను. ప్లేయర్‌ని టీవీకి కలిపే స్కార్ట్ కేబుల్ కూడా అన్ని పిన్నులూ ఉన్నదే కొనాలి. దాని 8వ పిన్ను మీద ఆరు వోల్టుల ప్రాంతంలో వస్తే వైడ్ బొమ్మ అని, పన్నెండు దగ్గర్లో వస్తే మామూలు బొమ్మ అని టీవీ గ్రహించి తనే ఆకారం మార్చుకుంటుంది. చవక కేబుల్లో ఆ తీగే ఉండకపోవచ్చు. ఇక రంగుల్ని ఆర్‌జీబీగా, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా పంపితే ఎర్రచీర అంచు పక్కకి కారకుండా నిలబడుతుంది. మనవాళ్ల పాటల్లో ఎరుపు ఎంతుంటుందో మీకు చెప్పక్కర్లేదు.

2006లో అమ్మ ఆరు నెలల వీసా మీద వచ్చింది. ఆవిడకి యాభైల నాటి నలుపు తెలుపు సినిమాలు కావాలి. అవన్నీ ఇంచుమించు 4:3 బొమ్మలే. టీవీ వాటిని తెర నిండా సాగదీసింది. కాసేపు చూసి, "ఒరేయ్, రంగారావుగారి సంగతి సరే, పక్కన సన్నటి పిల్ల కూడా ఇంత బలిసిందేమిట్రా?" అంది. బటన్ నొక్కి అసలు ఆకారానికి తెచ్చాను. పక్కన నలుపు చూసి, "సగం టీవీ ఖాళీగా పెట్టుకోడానికా అంత డబ్బు పోశావు?" అంది. మధ్యలో బొమ్మను సరిగా ఉంచి అంచులు మాత్రమే సాగదీసే స్మార్ట్ మోడ్ ఒకటుంటే అది పెట్టాను. అందులో ఎవరైనా ఎడమ నుంచి కుడికి నడిస్తే లావుగా బయల్దేరి, మధ్యలో చిక్కి, మళ్లీ లావవుతారు. అమ్మకి అదే నచ్చింది. నేను పక్క గదిలోకి వెళ్లిపోయేవాణ్ణి.

అలాగని రోజంతా పక్కన నలుపుతోనే నడిపితే ట్యూబు మధ్యభాగం ఎక్కువ వాడకంతో అరిగి, కొన్నేళ్లకు తెల్లటి బొమ్మ వేసినప్పుడు రెండు పక్కలా ఛాయ తేడా తెలుస్తుంది. మాకు లీలగా తెలిసింది. అమ్మ మోడ్ వల్ల తగ్గిందనే అనుకుంటున్నాను.

మినుకు గురించి అడుగుతుంటారు. మాది 50 హెర్ట్‌జ్ ట్యూబు, అంటే సెకనుకి 50 సార్లు తెర మినుకుతుంది. ఇండియాలో పెరిగిన కళ్లకి అది అలవాటే, ఎప్పుడూ తెలియలేదు. అమెరికా నుంచి వచ్చిన బావమరిది మాత్రం కూర్చోగానే "బావా, అదురుతోంది" అన్నాడు. 100 హెర్ట్‌జ్‌వి ఉండేవి, కానీ వాటిలో కింద పరిగెత్తే అక్షరాలు చెదిరినట్టు కనబడేవి. నాకు 50 చాలు. ట్యూబులో ఆలస్యమనేది లేదు కాబట్టి అమ్మాయి నింటెండో వాళ్ల వీ (Wii) గేమ్‌లో టెన్నిస్ ఆడితే బ్యాటు ఊపిన క్షణానే బంతి కదిలేది. పై ఇంటివాళ్ల కొత్త పల్చటి టీవీలో ఆడి ఓడిపోయి వచ్చి టీవీని తిట్టేది. తప్పు నిజంగా టీవీదే.

రిపేరు ఒక్కసారే. ఏడో ఏట బొమ్మ రెండు పక్కలూ నడుము ఆకారంలో లోపలికి వంగాయి. వెనక మూత తీద్దామనుకున్నాను, మా ఆవిడ ఒప్పుకోలేదు. ఆవిడ మాటే రైటు, ట్యూబు దగ్గర పాతికవేల వోల్టులు తిరుగుతాయి, ప్లగ్గు పీకినా కొంత నిలవుంటుంది. వచ్చిన పెద్దాయన పది నిమిషాల్లో డ్రై సోల్డర్ (టంకం అతుకు వదులవడం) అని తేల్చి రెండు చోట్ల అతికించి వెళ్లాడు. ఇంకోసారి మూలన ఆకుపచ్చ మచ్చ వచ్చింది. అది జబ్బు కాదు, నేను పక్కన పెట్టిన స్పీకర్ అయస్కాంతం. జరిపేసి రెండు మూడు రోజులు టీవీని ఆపుతూ మళ్లీ వేస్తూ ఉంటే, ఆన్ చేసినప్పుడల్లా ట్యూబుకి పట్టిన అయస్కాంతాన్ని వదిలించే ఆ "ఠుంగ్" దానంతటదే మచ్చ తుడిచేసింది.

2012 ఏప్రిల్‌లో లండన్‌లో పాత అనలాగ్ ప్రసారాలు ఆగినప్పుడు కూడా దీనికేం కాలేదు, డిజిటల్ బాక్సు ముందు నుంచే ఉంది. 2015లో దీన్ని ఓడించింది వెనకున్న సాకెట్టు. కొత్తగా వచ్చే బాక్సుల్లో స్కార్ట్ కరువై, ఉన్నదంతా హెచ్‌డీఎంఐ అయింది.

ఇప్పుడు పాత గేముల కోసం ఇలాంటివి వెతుకుతున్నవాళ్లు నన్నడిగితే చెప్పేది ఇంతే. టీవీ చల్లగా ఉన్నప్పుడు ఆన్ చేయించండి. పూర్తి తెల్లటి బొమ్మ వేసి మూలలు, పక్కలు చూడండి. మోసేటప్పుడు తెరను గుండెకు ఆనించుకోండి, బరువంతా ముందు గాజులోనే ఉంటుంది. మా 24 సుమారు ముప్పై కిలోలు. రిమోట్ లేకుండా అమ్ముతుంటే మాత్రం చవగ్గా వచ్చినా వద్దు. మాదాని జూమ్‌లన్నీ రిమోట్‌లోనే ఉండేవి. టీవీ మీద మీటలు వాల్యూమ్‌కీ చానెల్‌కీ తప్ప దేనికీ పనికొచ్చేవి కావు. మా రిమోట్‌లో ఆ బటన్ మీది గుర్తు అరిగిపోతే అమ్మ కోసం దాని మీద ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టాం. టీవీతో పాటు అదీ ఇచ్చేశాం.