బోరు నీళ్ళతో హాట్ టబ్: బాగా వాడాక చెబుతున్న మాట

హాట్ టబ్ అంటే గాలి బుడగలొచ్చే వేడి నీళ్ళ తొట్టి. మేం కొన్న ఈ టబ్ మీద నాకున్న కోపమంతా ఒక్క చోటే ఉంది. నీళ్ళు పారుతున్నాయో లేదో కనిపెట్టే సెన్సర్ మీద. టబ్ బయట పెట్టే, మోటారూ హీటరూ ఉండే డబ్బా లోపల, బొటనవేలంత ఉంటుంది. నీళ్ళు పారుతున్నాయని అది ఒప్పుకుంటేనే హీటర్ పని చేస్తుంది. ఒప్పుకోకపోతే డిస్‌ప్లే మీద ఫ్లో ఎర్రర్ చూపించి అన్నీ ఆపేస్తుంది. నీళ్ళు లేకుండా హీటర్ కాలిపోకుండా చూసేది అదే కాబట్టి, అది ఉండాల్సిందే, కాదనను. కానీ సముద్రం పక్కనుండే మా ఊరి బోరు నీళ్ళకి ఆ ముక్క తట్టుకోదని కొనేముందు చెప్పిన నాథుడు లేడు.

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు. టబ్ గాలి నింపే రకం, నలుగురు పడతారు, 800 లీటర్లు. జెట్లు ఎన్ని, రంగులెన్ని అనేవి అమ్మేవాళ్ళే చెబుతారు, వదిలేస్తున్నా. కొన్నది మా ఆయన నడుము నొప్పి కోసం. ఇంటి వెనక, రేకుల షెడ్డు కింద సిమెంటు గచ్చు మీద పెట్టాం. చూసినవాళ్ళందరూ "మిద్దె మీద పెట్టుకుంటే గాలికి బాగుండేది కదా" అంటారు. లెక్క వేసుకోండి. 800 లీటర్లంటే 800 కిలోలు, మనుషులు దిగితే టన్ను దాటుతుంది. ఆ బరువంతా ఆరడుగుల గుండ్రం మీద పడుతుంది, అంటే చదరపు మీటరుకు దాదాపు 400 కిలోలు. మామూలు ఇళ్ళ స్లాబుకి లెక్కలో వేసుకునేది 150 నుంచి 200 కిలోలే. ఇంజనీరుని అడగకుండా పైకెక్కించొద్దు.

మొదటి చలికాలం బాగా గడిచింది. అప్పట్లో కనిపించిన వాళ్ళందరికీ కొనుక్కోమని చెప్పాను కూడా. ఆ తర్వాతి ఏడు సంక్రాంతికి చుట్టాలొచ్చారు. భోగి తలంటు పోసుకునే రోజు, పిల్లలు ఒంటినిండా నువ్వుల నూనెతో టబ్బులోకి దూకేశారు. కింద కాళ్ళు కడుక్కుని రమ్మంటే వినే వయసు కాదు. మర్నాడు పొద్దున ఆన్ చేస్తే ఫ్లో ఎర్రర్. ఇంకేముంది, ఇంటిల్లిపాదీ నూనె మీద పడ్డారు.

అది మామూలుగా చూస్తే సరైన అనుమానమే. నూనె, సున్నిపిండి, పసుపు, ఇవన్నీ ఫిల్టర్ మడతల్లో ఇరుక్కుంటాయి. పైపైన పైపుతో కడిగితే పోవు, ఫిల్టర్ కోసం అమ్మే ద్రావణంలో రాత్రంతా నానబెట్టాలి. అట్లాగే చేశాను. ఎర్రర్ పోలేదు. కొత్త ఫిల్టర్ వేశాం. పోలేదు. అప్పుడు అసలు ఫిల్టరే తీసేసి కాసేపు నడిపి చూశాం. ఎవరికైనా ఈ తిప్పలొస్తే ముందు చేయాల్సిన పని ఇదే: ఫిల్టర్ లేకుండా నడిస్తే తప్పు ఫిల్టర్‌ది, అప్పటికీ నడవకపోతే లోపల ఇంకేదో ఉంది. మాకు నడవలేదు. పైపులో గాలి ఇరుక్కుందేమోనని గొట్టాల బిగింపులు కొంచెం వదులు చేసి, బుడగలు పోయి నీళ్ళు కారేదాకా చూసి మళ్ళీ బిగించాం. దానికీ లొంగలేదు.

అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే, వీడియో తీసి పంపమన్నారు. పంపాం. చూసి, మోటారు పోయింది, డబ్బా మొత్తం మార్చాలి అన్నారు. చెప్పిన ధర టబ్ ధరలో సగానికి దగ్గరగా ఉంది. పైగా నీళ్ళు ఎలాంటివి అని ఒక్క మాటైనా అడగలేదు. నా కోపం అక్కడ మొదలైంది.

మా ఊళ్ళో రొయ్యల గుంటల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ మోటార్లు బాగుచేసే అబ్బాయి ఉన్నాడు. హాట్ టబ్ అంటే ఏందో అతనికి తెలియదు, అయినా పిలిచాం. డబ్బా చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "మోటారుకేం కాలేదక్కా, తిరగతానే ఉంది. నీళ్ళే సరిగ్గా రావట్లా" అన్నాడు. నీళ్ళు బయటికొచ్చే మూతి దగ్గర టార్చి వేసి చూపించాడు. లోపల తెల్లగా, పెంకులా గట్టి పొర. వేలితో గీకితే రాలేదు. ఆ సెన్సర్‌లో నీటి ఒరవడికి కదలాల్సిన చిన్న రేకు ఆ తెల్లదనంలో అతుక్కుపోయి ఉంది. నీళ్ళు పారుతున్నా అది కదలదు. అది కదలకపోతే నీళ్ళు లేవనే అనుకుంటుంది మిషన్. "ఈ నీళ్ళు ల్యాబులో చూపియ్యండక్కా" అని రొయ్యల ల్యాబు పేరు చెప్పిపోయాడు.

ఆ మాట లేకపోతే ఈ సమీక్ష రాసేదాన్ని కాదు, టబ్బుని పాత సామాన్లకి వేసేసేవాళ్ళం. మా వైపు గుంటలు వేసే ప్రతి రైతూ నీళ్ళ సీసా పట్టుకెళ్ళి పీహెచ్ (నీళ్ళలో పులుపు, క్షారం ఎంతో చెప్పే అంకె), ఆల్కలినిటీ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే గుణం), హార్డ్‌నెస్ (నీళ్ళలో సున్నం లాంటివి ఎంతున్నాయో) చూపించుకుంటాడు. హాట్ టబ్ పుస్తకంలో కొలవమని రాసినవీ అచ్చంగా అవే. నేను మాత్రం ఆ పరీక్ష స్ట్రిప్పులు ఆన్‌లైన్‌లో వెతుక్కుంటూ కూర్చున్నా.

రెండు సీసాలు తీసుకెళ్ళాను, బోరువి ఒకటి, టబ్బువి ఒకటి. కౌంటర్ దగ్గర కుర్రాడు "ఎన్నెకరాలు మా?" అన్నాడు. గుంట కాదు నాయనా, ఇంట్లో స్నానం చేసే తొట్టి అన్నాను. ఓసారి నా వైపు చూసి, ఏమీ అనకుండా నంబర్లు రాసుకున్నాడు. రిపోర్టు వచ్చాక మాత్రం కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. బోరు నీళ్ళ హార్డ్‌నెస్ లీటరుకు 600 మిల్లీగ్రాముల దగ్గర ఉంది. తాగే నీళ్ళకి బీఐఎస్ (మన దేశ ప్రమాణాల సంస్థ) లెక్కలో 200 దాకా మంచిది, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. ఇక హాట్ టబ్‌కి కావాల్సింది 150 నుంచి 250. టబ్బులో పీహెచ్ 8 దాటిపోయింది, ఉండాల్సింది 7.2 నుంచి 7.8. "రొయ్య పెంకు కట్టాలంటే ఇట్టాంటి నీళ్ళు మంచివే మా. మీ హీటరుకి కూడా పెంకు కడతా ఉంది" అన్నాడు.

తర్వాత అతను చెప్పిన సంగతి నాకు కొత్త. చక్కెర వేడి నీళ్ళలో బాగా కరిగినట్టు సున్నం కరగదు. నీళ్ళు వేడెక్కే కొద్దీ కాల్షియం కార్బొనేట్ విడిపోయి, ఎక్కడ అన్నిటికంటే వేడిగా ఉంటే అక్కడ అతుక్కుంటుంది. అంటే హీటర్ లోపల. సెన్సర్ దాని పక్కనే. రెండోది, బుడగలు. గాలి కొట్టినప్పుడల్లా నీళ్ళలోని కార్బన్ డయాక్సైడ్ లేచిపోయి పీహెచ్ పెరుగుతుంది, పెరిగితే సున్నం ఇంకా తొందరగా దిగుతుంది. "గుంటలో పగలు పీహెచ్ ఎక్కుద్ది, రాత్రి దిగుద్ది. మీ తొట్లో ఎక్కడమే గానీ దిగడం లేదు" అన్నాడు.

బాగు చేసుకోవడానికి పట్టింది వంటింట్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. కరెంటు ప్లగ్ తీసి, డబ్బాని టబ్ నుంచి విడదీసి, లోపల క్లోరిన్ నీళ్ళు మిగలకుండా మంచి నీళ్ళతో కడిగాం. ఈ కడగడం మాత్రం మర్చిపోవద్దు. క్లోరిన్‌కి యాసిడ్ తగిలితే విషవాయువు వస్తుంది. తర్వాత గోరువెచ్చని నీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి, ఒక మూతి మూసి రెండో మూతిలోంచి పోశాం. బుస్సుమని నురగ పొంగింది. నురగ ఆగేదాకా ఉంచి పారబోసి, మళ్ళీ పోశాం. ఆరుబయటే చేశాం. బిగించి ఆన్ చేస్తే ఎర్రర్ లేదు. కొత్త డబ్బా అన్నవాళ్ళకి మళ్ళీ ఫోన్ చేయలేదు, మా ఆయన చేస్తానంటే వద్దన్నాను.

నీళ్ళు మారకపోతే పొర మళ్ళీ కడుతుంది. ఊళ్ళో ఆర్వో ప్లాంటు క్యాన్లు 20 లీటర్లవి, టబ్ నిండాలంటే 40 కావాలి. అది అయ్యే పని కాదు. దారి చూపింది మళ్ళీ ల్యాబు కుర్రాడే: వాన నీళ్ళు. మా జిల్లాకి వానలు ఎక్కువ పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, సరిగ్గా టబ్ వాడటం మొదలుపెట్టే రోజుల్లో. వాన నీళ్ళలో సున్నం దాదాపు ఉండదు. రెండు వంతులు వాన నీళ్ళు, ఒక వంతు బోరు నీళ్ళు కలిపితే 600 కాస్తా 200కి దిగుతుంది. పూర్తిగా వాన నీళ్ళే పోయొద్దన్నాడు, మరీ మెత్తటి నీళ్ళు లోపలి లోహాన్ని తినేస్తాయట. మొదటి వాన మిద్దె దుమ్ము కడుక్కుపోనిచ్చి, తర్వాతి వానకి గొట్టం కింద డ్రమ్ములు పెడుతున్నాం. క్లోరిన్ విషయంలో మాత్రం జాగ్రత్త. గుంటల్లో వాడే బ్లీచింగ్ పౌడర్ చవక, ఇంటి పక్కనే దొరుకుతుంది, కానీ అందులోనూ కాల్షియమే. కాల్షియం లేని క్లోరిన్ రకం డైక్లోర్ గుళికలు నయం. టబ్బులో క్లోరిన్ 3 పీపీఎం (లీటరుకు 3 మిల్లీగ్రాములు) కన్నా తగ్గనివ్వకండి. గోరువెచ్చని నీళ్ళలో లెజియోనెల్లా లాంటి బ్యాక్టీరియా బాగా పెరుగుతుంది.

కొన్న కొత్తలో బుడగల గురించి అందరికీ గొప్పగా చెప్పాను. ఇప్పటికీ నడుముకి హాయిగానే ఉంటాయి, కాకపోతే మేం ఆన్ చేసేది పది నిమిషాలే. పీహెచ్ సంగతి సరే, చలిగాలి లోపలికి కొట్టడంతో నీళ్ళు చల్లారిపోతాయి. 800 లీటర్లని పది డిగ్రీలు పెంచాలంటే తొమ్మిది యూనిట్ల పైనే కరెంటు పోతుంది, రెండు కిలోవాట్ల హీటర్‌కి నాలుగైదు గంటలు పడుతుంది. మూత సరిగ్గా వేసి, ఉన్న వేడి పోకుండా చూసుకోవడమే మేలు. వేడి ఎక్కువ కావాలనుకునేవాళ్ళకి కూడా 40 డిగ్రీలే హద్దు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా దిగకూడదు.

ఎండాకాలం దీనికి పని లేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలో నీళ్ళు వాటంతటవే వేడెక్కి, హద్దు దాటాయని మిషన్ ఇంకో ఎర్రర్ చూపిస్తుంది. ఎండకి క్లోరిన్ కూడా నిలవదు. మార్చిలో ఖాళీ చేసి, పూర్తిగా ఆరబెట్టి, మడిచి పెట్టేస్తాం. విడి లైను, మంచి ఎర్తింగు, కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీ ఆంప్ ఆర్‌సీసీబీ లేకుండా ఎవరింట్లోనూ పెట్టొద్దు. దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

కొనొచ్చా అంటే, మా ఇంట్లో నడుము నొప్పి ఉంది, వెనక ఖాళీ ఉంది, పక్కనే రొయ్యల ల్యాబు ఉంది. అందుకని మేం అమ్మం. నెల్లూరు టౌన్‌లో పెన్న నీళ్ళొచ్చే ఇళ్ళకి ఈ సున్నం గొడవ ఇంత ఉండకపోవచ్చు, కానీ నీళ్ళు చూపించుకోకుండా ఆ మాట మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఊరికే సరదాకి అయితే ఆ డబ్బుతో మంచి గీజరూ, ఓ పెద్ద బకెట్టూ కొనుక్కోవడం నయం. కనిగిరిలో ఉన్న మా చెల్లెలు తనకీ ఒకటి తెప్పించమంటోంది. ముందు మీ బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టి పంపవే, ల్యాబులో ఇచ్చాక మాట్లాడుకుందాం అన్నాను.